కవరు విప్పని పరుపు

మొన్న మా మేడ మీది అమ్మాయి తన కొడుక్కి కొత్త మంచం కొన్నానని, పరుపు మీద వేసే తడి దిగని గుడ్డ ఏది మంచిదో చూసిపెట్టమని నన్ను దుకాణానికి లాక్కెళ్ళింది. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా వీధిలో ఏ పిల్లకి జలుబు చేసినా, ఏ పక్క తడిసినా నాకే కబురొస్తుంది. ఈ బహ్రెయిన్‌కి వచ్చింది మొదలు పరాయి పిల్లల పక్కలు సర్దడంలోనే నా నడుం వంగింది కదా. దుకాణంవాడు గుడ్డ మీద గ్లాసుడు నీళ్ళు ఒంపి, కింద అరచెయ్యి పెట్టి, చుక్క దిగలేదని గారడీవాడిలా చూపిస్తుంటే, ఆ అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "ఇవన్నీ ఎందుకు పిన్నీ? పరుపుతో వచ్చిన ప్లాస్టిక్ కవరు అలాగే ఉంచేస్తే పోదా?" అంది. దుకాణంవాడి చేతిలోంచి ఆ గుడ్డ లాక్కుని ఆ అమ్మాయి బుట్టలో వేశాను. ఎందుకో చెప్పాలంటే పాత కథ ఒకటి చెప్పాలి.

తెలియనివాళ్ళకి ముందే చెప్పడం మర్యాద, నా కబుర్లలో సగం తీసేసి వినాలి. మా వదిన చేపల పులుసు దించితే ఆ వాసనకి సౌదీకి వెళ్ళే సముద్రపు వంతెన మీద కార్లు బారులు తీరి ఆగిపోయేవని నేను చెబితే నమ్మేసినవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు చెప్పేదాంట్లో మాత్రం ఆ పులుసొక్కటి తీసేసి మిగతాదంతా ఉంచుకోండి.

అమ్వాజ్‌లో ఇళ్ళు అప్పుడప్పుడే లేస్తున్న రోజులవి. సముద్రాన్ని పూడ్చి కట్టిన నేల కాబట్టి, రాత్రిళ్ళు కింద నీళ్ళు దారి వెతుక్కుంటుంటాయని నేను అందరినీ బెదిరించేదాన్ని. నన్ను గోదావరి ఒడ్డు నుంచి పిలిపించుకున్నది మా వదిన, అంటే మా ఆయన అక్కగారు. ఆ ఇంట్లో ఆవిడది వంట, నాది పిల్ల పని. ఇంటావిడని ఇక్కడి పనివాళ్ళందరిలాగే మేమూ మామా, అంటే అమ్మా అని, పిలిచేవాళ్ళం. ఆవిడకీ ఆయనకీ పొద్దున వెళితే సాయంత్రం దాకా ఆఫీసులే. వాళ్ళకి లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు, అప్పుడప్పుడే ఊయల మంచం దాటిన పిల్ల, పగలంతా మా చేతుల్లోనే ఉండేది.

దాని కోసం పెద్ద మంచం వచ్చింది, దాని మీదికి జానెడు మందాన తెల్లటి పరుపూ వచ్చింది. కవరు విప్పబోతే వదిన నా చెయ్యి పట్టుకుంది. మా తరం వాళ్ళకి దీని గురించి చెప్పక్కర్లేదు: టీవీ రిమోటుకి కవరు, స్కూటరు సీటుకి కవరు, కొత్త సూట్‌కేసుకి కవరు, చివరికి కవరు చిరక్కుండా దాని మీద ఇంకో కవరు. కొత్తదాన్ని కొత్తగా ఉంచడమే సంసారం అనుకున్నవాళ్ళం. ఆ కవరు మీద ఒక మూల పసిపిల్ల బొమ్మ వేసి, దాని మీదుగా అడ్డంగా ఎర్ర గీత గీసి ఉంది. పక్కన మాకు రాని భాషల్లో ఏదో అచ్చు వేశారు. అదేమిటని నేనంటే వదిన ఒక్క మాటలో తేల్చేసింది.

"బొమ్మ కనపడతల్లేదా? పిల్ల బొమ్మేశాడంటే పిల్లల కోసవే చేశాడన్న మాట. ఆ గీత కంపెనీ గుర్తు. ఇది పక్క తడుపుద్ది, పరుపు పాడవకూడదనే ఇచ్చాడు."

అలా ఆ కవరు మీదే దుప్పటి వేశాం. దుప్పటి నున్నటి ప్లాస్టిక్ మీద నిలవక రోజూ జారి కిందికి పోయేది. పిల్ల నిద్రలేస్తే వీపంతా చెమట, మెడ చుట్టూ చెమటకాయలు. తడిపిన రోజున ఆ తడి ఎక్కడికీ పోయే దారి లేక దాని కిందే మడుగు కట్టేది. అది ఇటు తిరిగితే కరకర, అటు తిరిగితే బరబర. పక్క గదిలో ఇస్త్రీ చేసుకుంటూనే ఆ చప్పుడుని బట్టి పిల్ల నిద్రపోయిందో, దొర్లుతోందో చెప్పేంతగా నా చెవి అలవాటు పడింది. ఆ చప్పుడు నాకు ఎందుకో మొదటినుంచీ పడలేదు. పరుపు మూలుగుతోంది వదినా అని చెబితే, "నీతో గచ్చు కూడా మాట్టాడుద్దిలే, పోయి ఉల్లిపాయలు తరుగు" అంది. అబద్ధాలకోరు భయపడితే అదొక వేడుకే తప్ప ఎవరికీ హెచ్చరిక కాదు.

ఎండాకాలం ముదిరి గాలిలో నీరు ఊరే రోజులొచ్చాయి. కాళ్ళ వైపు కవరు కాస్త చిరిగింది. పిల్ల బొటనవేలితో దాన్ని రోజుకింత పెద్దది చేస్తుంటే, వదిన సామాన్ పెట్టెలకి అంటించే గోధుమరంగు టేపుతో అతుకు వేసింది. ఆ ఉక్కకి టేపు జిగురు కరిగి ఊడేది, మళ్ళీ అంటించేది. ఒకనాడు పక్క దులపబోయి దుప్పటి లాగితే, పరుపుకీ కవరుకీ మధ్య పిల్ల ఆడుకునే బొమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ప్లాస్టిక్ ఆ మొహానికి అతుక్కుపోయి, నీళ్ళ అడుగున పడ్డ మనిషి కళ్ళు తెరిచి పైకి చూస్తున్నట్టుంది. పిల్లే దాన్ని జోకొట్టి అందులో పడుకోబెట్టిందట. ఈ కవరు తీసేద్దాం వదినా, నీ కాళ్ళు పట్టుకుంటానన్నాను. వదిన బొమ్మని బయటికి లాగి, అతుకు మీద ఇంకో అతుకు వేసి, పులుసు మాడుతోందని వెళ్ళిపోయింది. సాయంత్రం మామాతో చెప్పాను. నా వచ్చీరాని హిందీ, చేతుల తిప్పుళ్ళు చూసి ఆవిడ పడీపడీ నవ్వి, ఈ కథ నిన్నటి జిన్ను కథ కంటే బాగుందని మెచ్చుకుంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, పిల్లకి అన్నం పెట్టి పడుకోబెట్టి, కర్టెన్లు దించి, పక్క గదిలో ఇస్త్రీకి నిలబడ్డాను. ఏసీ నీళ్ళు కారుస్తోంది, బయట ఇల్లు కట్టేవాళ్ళు కూడా ఎండకి పని ఆపేశారు. కరకరమని వినిపిస్తోంది, నిద్ర పట్టలేదు కాబోలు అనుకున్నాను. ఆ కరకర ఒక్కసారి జోరందుకుంది, దడదడమంది, ఆగిపోయింది. నిద్రలోకి జారే పిల్ల చప్పుడు మెల్లగా సన్నబడుతుంది. ఇది తెగినట్టు ఆగింది. ఇస్త్రీపెట్టె ఎక్కడ పెట్టానో నాకు తెలియదు.

గదిలోకి వెళితే మంచం చివర రెండు పాదాలు కనిపించాయి, మిగతా పిల్లంతా కవరు లోపల ఉంది. బొమ్మని మళ్ళీ లోపల పడుకోబెట్టి, ఊడిన అతుకులోంచి దాని కోసం తల దూర్చి పాకినట్టుంది. ముక్కుకీ నోటికీ ప్లాస్టిక్ అతుక్కుపోయి మొహమంతా నున్నగా, ఆనవాళ్ళే లేనట్టు ఉంది. కాళ్ళు పట్టి లాగితే చెమటకి ఒళ్ళంతా కవరుకి అంటుకుని రాలేదు. గోళ్ళతో చీల్చబోతే అది సాగింది గానీ చిరగలేదు. నేను వేసిన కేకకి వదిన చేపలు కోసే కత్తెరతో వచ్చింది. ఒక్క క్షణం చూసింది, అంతే, తల వైపు నుంచి కాళ్ళ దాకా కవరుని బార్లా కోసేసింది, కింద పరుపు గుడ్డ కూడా తెగిపోతున్నా ఆగలేదు.

పిల్ల పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. వదిన దాన్ని భుజాన వేసుకుని వీపు మీద చరుస్తూ, "ఏడవ్వే తల్లీ, నా బంగారూ, ఒక్కసారి ఏడవ్వే" అని గదిలో గిరగిరా తిరిగింది. నేను మొక్కని దేవుడు లేడు. పిల్ల దగ్గింది. తర్వాత ఏడ్చింది. ఆ ఏడుపు ముందు నేను విన్న ఏ పాటా పాట కాదు.

మామా ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి, పిల్లని డాక్టరుకి చూపించి తీసుకొచ్చాక, ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పింది వదినే, ఒక్క ముక్క దాచుకోకుండా. మామా నా వైపు చూసింది గానీ ఈసారి నవ్వలేదు. మర్నాడు కొత్త గుడ్డలు తెచ్చింది, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి వేయడానికి జతగా: పైన మెత్తటి నూలు, కింద కనపడీ కనపడనంత పలచటి పొర, పరుపు మూలల్ని గట్టిగా పట్టుకునే ఎలాస్టిక్. బుగ్గకి రాసి చూసి, మూలలు లాగి చూసి, ఊడవని నమ్మాకే వేశాను. వదిన ఆ సాయంత్రం వంటింట్లో రిమోటు కవరు, ఫ్రిజ్ పిడి కవరు, కుర్చీల కవర్లు అన్నీ ఒక్కొక్కటే ఒలిచి, ముక్కలు ముక్కలుగా కత్తిరించి పారేసింది.

ఆ పిల్ల బడికి వెళ్ళే వయసొచ్చాక ఆ పరుపు మార్చారు. గుడ్డలు ఎంత మంచివైనా, అవి ఉతుకులో ఉన్న వేళ, ఆరని వేళ, తొందరలో మేం మరిచిన వేళ దిగిన మరకలు ఉండనే ఉన్నాయి. వదిన కోతకి వేసిన కుట్టు కూడా ఉంది. పట్టుకుపోయేవాడు వచ్చి యల్లా, యల్లా అని తొందర పెడుతున్నా, పసుపు చుక్క పడితే తుడిచి తుడిచి చంపే మా వదిన ఆ పరుపు మీద కూచుని, ఒక్కో మరకనీ అరచేత్తో నిమురుతూ చాలాసేపు లేవలేదు. ఇప్పటి గుడ్డలు ఇంకా గొప్పవి, పరుపులు తెచ్చినంత తెల్లగానే గుమ్మం దాటి వెళ్ళిపోతున్నాయి. మంచిదే. కానీ తమ మీద ఎవరు పెరిగారో చెప్పడానికి వాటి దగ్గర ఏమీ ఉండటం లేదు.