మైక్‌సెట్ అన్న చూసిన పాట

పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సొంతంగా పాటలు కట్టి గిటార్ మీద పాడుతుందట. "మేడమ్, మీకు ప్రోగ్రాములు ఎట్లా దొరుకుతాయి?" అని అడిగింది. రెండు నిమిషాల వీడియో ఒక్కటి మంచిది పెట్టుకో, దాని కిందే ఫోన్ నంబరు రాయి, ఎంతసేపు పాడతావో ఎన్ని మైకులు కావాలో ముందే చెప్పు, లింకు పంపి ఊరుకోకుండా మనిషివి వెళ్లి కనబడు, విన్నవాళ్ల నంబర్లు అడిగి తీసుకో అని గడగడా చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక గానీ తట్టలేదు, అందులో నా సొంత తెలివి ఒక్క ముక్క కూడా లేదని. అదంతా ఆళ్లగడ్డ మైక్‌సెట్ అన్న చెప్పిందే.

అప్పుడు నాకు నలభై మూడేళ్లు. నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం టీచర్ని. పెళ్లి చేసుకోలేదు. అమ్మ పోయాక రైసుమిల్లు వెనక రెండు గదుల పోర్షన్లో నేనూ నా హార్మోనియమూ మిగిలాం. ఆ ఏడు స్కూలువాళ్లు సంగీతం పీరియడు తీసి లెక్కలకు ఇచ్చేశారు. ఇక పాడే బతకాలని మొండికేశాను, అదీ నేను రాసుకున్న పాటలే. యూట్యూబులో పెట్టేదాన్ని. చూసినవాళ్లలో సగం మంది నేనే. ఫంక్షన్ హాళ్లకూ కాలేజీలకూ వాట్సాప్‌లో లింకులు పంపితే నీలం టిక్కులు పడేవి, జవాబు మాత్రం వచ్చేది కాదు. సాయంత్రం మిల్లు ఆగాక గదిలో ఊక వాసన, నేను. రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదని కూరగాయల బండి దగ్గర గొంతు పెగలనప్పుడు తెలిసేది. గాయనికి అంతకన్నా అవమానం ఏముంటుంది!

చివరికి ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒకాయన, కొత్త షెడ్డు ప్రారంభానికి పిలిచాడు. భక్తి పాటలు పాడతాననుకున్నాడు పాపం. అక్కడ స్పీకర్లు సర్దుతున్న ఆయన గడ్డానికి గోరింటాకు, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. ఏం పాడతావని అడిగి, నేను జవాబు చెబుతుంటే నా నోటి వైపే చూశాడు. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

"నేను రాసినవే అన్నా."

"ఎవురూ ఇననివా?" అని నవ్వాడు. "కానియ్ మ్మా. మైకు మాత్రం బాగుంటాది."

సగం చెక్కిన దేవుళ్ల మధ్య కూర్చుని పాడాను. జనం బోండాలు తింటూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఆరో పాటకు ఇంక చాలన్నారు. మైక్‌సెట్ అన్నే తన ఆటోలో బస్టాండు దాకా దింపాడు.

"లింకులు పంపితే ఎవురు జూస్తారు మ్మా? మనిషి పోయి నిలబడల్ల. ఇంగోటి, నీ నాలుగో పాటకు అవ్వలు తినేది ఆపి జూసినారు. దాన్ని ముందర బెట్టు."

అది మిల్లులో బియ్యం చెరిగే ఆడవాళ్ల పాట. షెడ్డులో నేను పాడుతుండగానే తన ఫోన్‌తో దాన్ని వీడియో తీసి ఉంచాడు. అది పట్టుకుని నేను నంద్యాలలో కాలేజీలూ హోటళ్లూ తిరిగాను. ఎన్ని వరండాల్లో కూర్చున్నానో! అందరూ మర్యాదగానే తర్వాత చూద్దామనేవారు. రెండు నెలలకు ఒక చిన్న లైబ్రరీవాళ్లు ఆదివారం హాలు ఇచ్చారు. వేసిన కుర్చీలు నలభై, వచ్చినవాళ్లు పన్నెండుమంది. స్పీకర్లు తెచ్చిన అన్న నా వైపు కాకుండా గోడకు ఆనుకుని జనం వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ పన్నెండుమందిలో ఒక లెక్చరరమ్మ తన కాలేజీకి పిలిచింది. అక్కడి నుంచి మరో చోటు.

ఆ సంతోషంలో స్వీటు ప్యాకెట్టు తీసుకుని ఆళ్లగడ్డలో అన్న ఇంటికి వెళ్లాను. "అన్నకు నా పాటల్లో ఏది ఇష్టం వదినా?" అని ఆయన భార్యను అడిగాను.

ఆమె చేతిలో పని ఆపింది. "ఆయప్పకు యాడ ఇనపడతాది మ్మా? నాలుగేండ్లాయ చెవులు పోయి. మైకుల కాడే పోయినాయి. పనికి పిలవరని ఎవురికీ చెప్పుకోడు."

నంద్యాల బస్సులో కిటికీ పక్కన ఏడ్చుకుంటూ వచ్చాను. ఈ లోకంలో నా పాట విన్న మనిషి ఒక్కడున్నాడు అనుకున్నాను, ఆ ఒక్కడూ లేడు. నెలరోజులు ఆయనకు మెసేజీ పెట్టలేదు.

ఒకరోజు ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నా మీద కోపమా మ్మా? నీ పాట నేను ఇనలేదు, నిజమే. ఇనేవాళ్లను జూసినా. నువ్వు కండ్లు మూసుకొని పాడతావు. వాళ్లను యాడ జూస్తావు?"

మంచినీళ్లిచ్చి, హార్మోనియం ముందు కూర్చుని, ఆయన మొహం చూస్తూ ఆ బియ్యం చెరిగే పాట మొదటి నుంచి చివరి దాకా పాడాను. నా పెదాలు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. అయిపోయాక, "బాగుంది" అన్నాడు, మరీ గట్టిగా.

తర్వాత మూడేళ్లు నా ప్రతి ప్రోగ్రాముకూ స్పీకర్లు ఆయనవే. పోయిన ఎండాకాలం ఆయన పోయిన సంగతి వదిన ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు నేను వేరే ఊళ్లో, వేరేవాళ్ల మైకులో పాడి వస్తున్నాను. ఇప్పుడు పిలిచేవాళ్లు బాగానే ఉన్నారు. ఏళ్లు గడిచేకొద్దీ ప్రోగ్రాములు పెరిగాయి. పాట ఎట్లా సాగిందో చెప్పుకోవడానికి ఎవరూ లేని తిరుగు ప్రయాణాలు కూడా వాటితోపాటే పెరిగాయి.