వంతెన మీంచి ఆరుసార్లు పడని కారు

మా అమ్మాయి హైస్కూల్లో చేరిన ఏడాది సెప్టెంబరులో, న్యూజెర్సీలో పాత సినిమాలు బాగుచేసే ఒక కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా కాంట్రాక్టు మీద చేరాను. ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ నుంచి ఇరవై రెండు మైళ్లు. చదివింది బి.కాం. ఫిల్ము లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను: సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు, అడుగుకు పదహారు. ఆరు నెలలయ్యాక ఒక సినిమాకి మొత్తం రిపోర్టు నన్నే రాసి సంతకం పెట్టమన్నారు. అది నెగ్గితే పర్మనెంటు, దాంతో హెల్త్ ఇన్సూరెన్స్. మా ఆవిడ కామేశ్వరి రూట్ కెనాల్ దానికోసమే ఆగి ఉంది.

అది నలుపు తెలుపు సినిమా. ఒక రాక్షస నత్త నగరం మీద పడుతుంది. నత్త కాబట్టి మామూలుగా నడిచేవాడు కూడా తప్పించుకోవచ్చు. అయినా జనం పరుగెత్తి పరుగెత్తి అలసిపోయి దాని ముందే పడుతుంటారు. చెత్త సినిమాల మాటొస్తే అక్కడివాళ్లు మొదట దీని పేరే చెబుతారని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసింది నత్త ఎత్తు. వంతెన దగ్గర అరవై అడుగులు, బ్యాంకు దగ్గర రెండు వందల పది. అదీ రిపోర్టులో రాశాను. సూపర్‌వైజర్ మార్తా ఆ వాక్యం కొట్టేసి, నత్తలు పెరుగుతాయి అన్నారు.

వంతెన మీంచి ఒక తెల్ల కారు నదిలో పడుతుంది. తొంభై ఆరు ఫ్రేములు. కాసేపటికి అదే కారు, అదే గీత పడిన అద్దం, మళ్లీ తొంభై ఆరు. అలా ఏడుసార్లు. ప్రింటు తీసేటప్పుడు ల్యాబులో ఒకే ముక్క పదేపదే పడిందని తేల్చాను.

మా రిపోర్టులో ప్రతి లోపానికీ ఒక అక్షరం ఉంటుంది. క్యూ అని రాస్తే సూపర్‌వైజర్ చూసి నిర్ణయిస్తారు. డి అని రాస్తే ఎడిటర్ ఎవరినీ అడగకుండా తీసేస్తాడు. ఆరు కార్లకూ డి రాశాను. ఐదు వందల డెబ్భై ఆరు ఫ్రేములు, అంటే ఇరవై నాలుగు సెకన్లు. లెక్క తేలినందుకు సంతోషించాను కూడా.

మంగళవారం డిస్కుల తయారీకి పంపాలి. అంతకుముందు శనివారం మధ్యాహ్నం ఊరి లైబ్రరీ హాల్లో అభిమానులకు చూపించారు. కామేశ్వరిని తీసుకెళ్లాను. మార్తాతో కలిపి నలభై మూడు మంది వచ్చారు. కారు పడగానే హాలంతా ఒక్క గొంతుతో "వన్" అంది.

"ఏమండీ, ఏం లెక్కపెడుతున్నారు వీళ్లు?" అంది కామేశ్వరి.

పక్క సీటులోని పెద్దావిడ వివరించింది. కారు పడ్డ ప్రతిసారీ పైకి లెక్కపెట్టాలట. ఏడోసారికి అందరూ లేచి నత్తకి సెల్యూట్ చేయాలట. తన కాలేజీ రోజుల నుంచీ అదే పద్ధతట. ఇది కామేశ్వరికి తెలుగులో చెప్పాను.

కామేశ్వరి నా మొహం చూసి, "మీరేం చేశారు?" అంది. ఏమైనా చేశారా అని అడగలేదు.

తెర మీద శాస్త్రవేత్త నత్తని చంపే ఉప్పు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. జనం ఎదురుచూశారు. ముందు వరసలో ఒక ముసలాయన తెర వైపు చేయి చాచి, రెండోది ఎక్కడయ్యా అని అడిగాడు. వెంటనే తనే టూ, త్రీ అని మొదలుపెట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు. సెవెన్ దగ్గర అంతా లేచి, ఉప్పు పొట్లం పట్టుకున్న శాస్త్రవేత్తకి సెల్యూట్ చేశారు. కామేశ్వరి కూడా లేచింది. కూర్చున్నది మేమిద్దరమే, నేనూ మార్తా.

బయటికి రాగానే మార్తాకి చెప్పేశాను: డి రాసింది నేనే. సౌండు పెట్టి చూశావా అని ఒక్క ప్రశ్న అడిగారు. పెట్టలేదు. నత్త అరుపుకి నా లెక్క తప్పుతోందని మొదటినుంచీ ఆపేసే చూశాను. అప్పుడు ఆవిడే వివరించారు: ఆ ప్రింటులో బొమ్మ పక్కనే శబ్దం కూడా ఉంటుంది. ల్యాబు పొరపాటైతే బొమ్మతో పాటు శబ్దమూ తిరిగి రావాలి. ఇక్కడ కారు తిరిగొస్తోంది గానీ జనం కేకలు మాత్రం తెగకుండా ముందుకు సాగుతున్నాయి. అంటే సినిమా తీసినవాళ్లు కావాలనే పెట్టారు. రెండో కారు పడేయడానికి వాళ్ల దగ్గర కారు లేదు.

"ఆ ఆరు కార్లూ ఎక్కడివో రాసిపెట్టావా?" అన్నారు మార్తా.

ఫ్రేము నంబర్లతో సహా ఉన్నాయన్నాను. సోమవారం మధ్యాహ్నానికి ఆరూ మళ్లీ నదిలో పడ్డాయి. నా పర్మనెంటు మాత్రం మూడు నెలలు వెనక్కి పోయింది. ఆ మూడు నెలలూ కామేశ్వరి ఎడమ వైపే నమిలింది. అన్నం పెట్టేటప్పుడల్లా "వన్" అనేది.

నిరుడు రిటైరయ్యాను. పోయిన నెల ఆ డిస్కు ఇంట్లో వేసుకుని, సౌండు పెట్టి చూశాను. ఏడు ఉన్నాయి. సినిమా అప్పటిలాగే చెత్తగా ఉంది.

రెండు ముక్కలు ఒకటేనని కొలత చెబుతుంది. వాటిని ఎవరు, ఎందుకు పెట్టారో చెప్పదు. అది తెలియనప్పుడు రాయాల్సింది క్యూ. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అదే రాశాను.