దీక్షా శిబిరంలో దొరికిన పాస్‌వర్డ్

ఇవాళ పాప బడివాళ్లు ఫోన్ చేసి, "వాళ్ల నాయిన మెయిల్ ఐడీ చెప్పండి మేడం" అన్నారు. నాది రాసుకోండి అన్నాను. నాయినదైతే బాగుంటుందని నసిగారు. నాదే రాసుకోండి అని మళ్లీ అన్నాను, కాస్త గట్టిగానే. ఫోన్ పెట్టేశాక, బళ్లో పాపనేమైనా అంటారేమోనని ఒకటే భయం. ఇప్పుడది నిద్రపోతోంది. జ్వరం లేకపోయినా ఇందాకే లేచి నుదురు ముట్టి చూసొచ్చాను. నా స్వభావమే అంత. కానీ మెయిల్ విషయంలో మాత్రం తగ్గను. ఆ మెయిల్ నాకెక్కడ దొరికిందో చెప్పాలి.

రాష్ట్రం కోసం సిద్దిపేట మొత్తం రోడ్డు మీద కూర్చున్న రోజులవి. పాపకు అప్పటికింకా నడక రాలేదు. బీఎడ్ ఎంట్రెన్స్‌లో నాకు మంచి ర్యాంకే వచ్చింది. ఇక నెట్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకోవాలి. డిగ్రీ చదివానన్న మాటే గానీ, మౌస్ పట్టుకుంటే అరచేయి చెమటపట్టేది. ఇలాంటి పనులన్నీ మా మరిది నెట్ సెంటర్లో జరిగేవి. ఊళ్లో అన్ని నెట్ సెంటర్లలాగే అక్కడా పాస్‌వర్డ్ పెట్టేదీ, గుర్తుంచుకునేదీ అతనే. మనం ఫోటో ఇచ్చి పక్కన నిలబడాలంతే. ఆప్షన్ల కోసం నా పేరున ఖాతా తెరిచిందీ అతనే. "ఆఖరి రోజు నేనే పెడ్త వదినా" అన్నాడు.

మా మామ ఉద్యమంలో ముందుండే మనిషి, మైకు దొరికితే వదిలేవాడు కాదు. రిలే దీక్షలో మా గల్లీ ఆడవాళ్ల వంతు వచ్చినప్పుడు నన్ను పంపింది ఆయనే. సమ్మెలో ఉన్న కంప్యూటర్ లెక్చరర్ ఒకామె రోజూ ఆ శిబిరంలో కూర్చునేది. ఊరికే ఉండలేని మనిషి. మగవాళ్లు ఆడి వదిలేసిన క్యారమ్ బోర్డు మీద తన లాప్‌టాప్ పెట్టి, వచ్చిన ఆడవాళ్లకు నెట్ నేర్పేది. స్ట్రైకర్ తిరగాల్సిన చోట మౌస్ తిరిగేది, పౌడరుకు సర్రున జారేది కూడా. వంతు లేని రోజుల్లోనూ పాపను చంకనేసుకుని వెళ్లేదాన్ని. ఏది నొక్కితే ఏం పోతుందోనని నా భయం. మేమంతా ఖాలా, అంటే పిన్నీ, అని పిలిచే పక్కింటావిడ పాపను ఎత్తుకుని, "నొక్కు బిడ్డా, గది కరుస్తదా?" అనేది. అలా నాకంటూ ఒక మెయిల్ ఏర్పడింది.

ఆప్షన్ల ఆఖరి రోజు బంద్ వచ్చింది, దీక్షలో వంతు కూడా ఆ రోజు మాదే. శిబిరం నుంచే మరిదికి ఫోన్ చేశాను.

"బంద్ నాడు షట్టర్ ఎట్ల తెరుస్త వదినా? అయినా బాపు వద్దన్నడు. పిల్ల చిన్నది, వచ్చే ఏడు చూద్దామన్నడు."

"పాస్‌వర్డ్ చెప్పు, నేనే పెట్టుకుంట."

"బాపునడిగి చెప్త" అని పెట్టేశాడు. బాపు అంటే వాళ్ల నాయిన, మా మామే.

విన్నదంతా లెక్చరర్ మేడంకు చెప్పాను. ఆమె నింపాదిగా, "మీ మరిది ఎసొంటోడు? ఏం పెట్టి ఉంటడు?" అని అడిగింది. అతని బండి వెనకాల, షాపు అద్దం మీద, ఆఖరికి చాయ్ కప్పు మీద కూడా ఒకటే మాట ఉండేది. ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, జై తెలంగాణ అని కొట్టాను. తెరుచుకుంది.

శిబిరమంతా పగలబడి నవ్వింది. "అరె, ఊరందరికీ ఒక్కటే తాళమా?" అంది ఖాలా. ముందు పాస్‌వర్డ్ మార్చాను, మెయిల్ నాది పెట్టాను, తర్వాత ఆప్షన్లు.

సాయంత్రం నిమ్మరసమిచ్చి దీక్ష విరమింపజేయడానికి మామే వచ్చాడు. "మామా, ఆప్షన్లు పెట్టిన" అన్నాను. గ్లాసు నా ముందే ఆగిపోయింది.

"ఎవర్నడిగి పెట్టినవ్?"

"ఇప్పుడు కాదు, తర్వాత చూద్దామంటే ఊకోవద్దని పొద్దుగాల మైకుల మీరే అన్నరు గద మామా."

"గది రాష్ట్రం సంగతి!"

"ముందుగాల రసమియ్యన్నా, పొద్దటి సంది ఉపాసమున్నది పోరి" అంది ఖాలా.

సీటు వచ్చింది. చాలారోజులు మామ నాకు చెప్పాల్సినవన్నీ మాటలే రాని పాపకు చెప్పేవాడు. ఆ తర్వాత రాష్ట్రమూ వచ్చింది. వచ్చే ఏడు చూద్దామని రాష్ట్రానికీ చెప్పారు, నాకూ చెప్పారు. అలా చెప్పినవాళ్లెవరూ ఆ ఏడును తెచ్చి మా చేతిలో పెట్టలేదు, మేమే పోయి పట్టుకొచ్చుకున్నాం.