ఎరుకమ్మ డాబా మీద జల్లు

వండూర్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పే ప్రమోద, ఎరుకమ్మ ఇంట్లో పై వాటాలో అద్దెకుంటోంది. డాబా మీద ఎరుకమ్మ నెత్తళ్లు ఆరబెడుతుంది. అక్కడే చెరో మూలా ప్రమోద పెట్టెలు రెండు. విశ్వకిరణం తగిలితే పెట్టె మీద దీపం వెలుగుతుంది. పేరుకే కిరణాలు, నిజానికి అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు. ఒక్క కణం పైగాలిని గుద్దుకుని ముక్కలై, ఆ ముక్కలు మళ్లీ ముక్కలై నేల మీద జల్లులా పడతాయి. రెండు దీపాలూ ఒకేసారి వెలిగితే జల్లు పడిందని గుర్తు.

మొదట్లో ఆ మాటే తంటా తెచ్చింది. ప్రమోద ఫోన్లో ఎవరితోనో "జల్లు పడింది!" అనగానే ఎరుకమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి చేపలన్నీ గంపకెత్తింది.

"ఓలమ్మా, సుక్క నేదు! నా సేపల్తో ఆటలేటి టీచరమ్మా?"

"వాన కాదు పిన్నీ. ఈ జల్లు తడపదు."

"తడపని జల్లేటి? పేరు మార్సు."

పెట్టెలు సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లోని ఒక కాలేజీవి; జల్లుల లెక్కలు ప్రమోద అక్కడికే పంపుతుంది. అక్కణ్ణుంచి వీరేంద్ర ఫోన్ చేశాడు. "మేడమ్, మీ జల్లులు బహుత్ జ్యాదా. ఇత్నా నహీ హో సక్తా, ఇన్ని పడవు. నేనొచ్చి చూస్తా. ఇలాగే ఉంటే పెట్టెలు వాపస్."

పెట్టెలు పోతే పిల్లలు మళ్లీ పుస్తకంలో బొమ్మ చూసి ఊరుకోవాలి. ప్రమోద లెక్కలన్నీ ముందేసుకుంది. జల్లులన్నీ ఎరుకమ్మ చేపలు కడిగే వేళల్లోనే పడుతున్నాయి. చేపలు కడిగే వేళ ఆకాశానికెలా తెలుస్తుంది?

"పిన్నీ, నీళ్ల మోటారు వెయ్యి." దీపాలు రెండూ వెలిగాయి. "ఆపు. మళ్లీ వెయ్యి." మళ్లీ వెలిగాయి.

"నీలూరికే వత్తన్నాయేటి?" కింద నుంచి కేకేసింది ఎరుకమ్మ.

పెట్టెలదీ మోటారుదీ ఒకే కరెంటు లైను; మోటారు వేసినప్పుడల్లా ఆ కుదుపుకే దీపాలు వెలుగుతున్నాయి. ప్రమోద ఒక్కో పెట్టెకు విడిగా బ్యాటరీ పెట్టింది.

వీరేంద్ర వచ్చాక అతని ఎదుటే మోటారు వేయించింది. దీపాలు కలిసి వెలగలేదు.

"అచ్ఛా. మరి అసలు జల్లు?"

"కూర్చోండి సర్, వస్తుంది."

దీపాలు విడివిడిగా వెలుగుతున్నాయి గాని కలవడం లేదు. ఎరుకమ్మ టీ తెచ్చి గొంతు తగ్గించింది. "రాపోతే?"

"వస్తుంది పిన్నీ. మనం ఆపితే ఆగేది కాదు."

"యేడ్నించి వత్తాది?"

"చాలావరకు పేలిపోయిన నక్షత్రాల నుంచని అంటారు. మహా గట్టివి కొన్నుంటాయి. ఒక్క కణంలోనే విసిరిన క్రికెట్ బంతికున్నంత జోరు. అవి మన పాలపుంత అవతలివి. ఎక్కడివో ఇంకా తేలలేదు."

"అయితే నీకూ తెల్దు."

"ఎవరికీ తెలీదు. అందుకే ఈ పెట్టెలు."

టీ చల్లారిపోయింది. అప్పుడు రెండు దీపాలూ ఒక్కసారే వెలిగాయి. మోటారు ఆగే ఉంది. వీరేంద్ర కుర్చీలోంచి లేచాడు. పెట్టెలు తీసుకెళ్దామని తెచ్చిన సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"యహీ రహనే దీజియే, ఇక్కడే ఉండనివ్వండి," అన్నాడు.

అతణ్ణి బస్సెక్కించి ప్రమోద డాబా మీదికొచ్చేసరికి సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది. చెంప మీద చినుకు పడింది.

"పిన్నీ, జల్లు!"

"పడనీ తల్లీ," కింద నుంచి నింపాదిగా అంది ఎరుకమ్మ. "నానిప్పుడు మోటారెయ్యలేదు. అసలుదే."

ప్రమోద నవ్వుకుంటూ గంప అందుకుంది.