యాంగోన్‌లో బుధవారం ఏనుగు

ఈ రోజు యాంగోన్‌లో నా చివరి పూర్తి రోజు. పొద్దున్న ష్వేడగోన్ పగోడాకు వెళ్ళాను. పని కాలేదు. మధ్యాహ్నం పజుండౌంగ్ పేటలో భోంచేశాను. సాయంత్రం మళ్ళీ పగోడాకు వెళ్ళాను. నా భార్య సుభద్ర ఈ ఊళ్ళోనే పుట్టి, చిన్నతనంలోనే విశాఖపట్నం వచ్చేసింది. ఇక్కడ పుట్టిన వారాన్ని బట్టి ఒక్కొక్కరికీ ఒక జంతువు ఉంటుంది. పగోడా చుట్టూ వారానికొక మూల. ఎవరి మూల దగ్గర వాళ్ళు బుద్ధుడికీ, ఆ జంతువుకీ నీళ్ళు పోస్తారు. "నాది బుధవారం, ఏనుగు. నేను వెళ్ళలేకపోతే మీరు వెళ్ళి పోయండి," అంది ఆస్పత్రిలో. పోయిన ఏడాది ఆమె పోయింది. అందుకే వచ్చాను.

పొద్దున్న ఆరు గంటలకే బయల్దేరాను. టాక్సీకి ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి. విదేశీయులకు గుమ్మం దగ్గర టికెట్టు ఉంటుంది. చెప్పులతో పాటు మేజోళ్ళు కూడా విప్పాలి. నాతో తిరి వచ్చింది. సుభద్ర మేనకోడలి వరస, సంచౌంగ్ పేటలో ఉద్యోగం. పైకి ఎక్కగానే అడిగింది.

"ఏ బుధవారం మావయ్యా? మార్నింగా, ఆఫ్టర్‌నూనా?"

"తేడా ఏమిటి?"

"రెండూ వేరు గదా! పొద్దుటిదైతే దంతాలున్న ఏనుగు, దచ్చినం పక్క. పన్నెండు దాటితే దంతాల్లేనిది, అటు మూల."

"రెండింటికీ పోసేస్తే?"

"అత్తయ్య ఇద్దరేటి?"

ఇద్దరం నవ్వాం. కానీ నేను నీళ్ళు పోసే కప్పు ముట్టుకోలేదు. ఒక్క పని చెప్పింది. అది తప్పుగా చేసి ఇంటికి పోలేను.

తిరి నాన్నమ్మను అడుగుదామని పజుండౌంగ్‌లో టాక్సీ దిగి, వాగు వైపు సందుల్లో నడిచాం. ఈ నడక తప్పక చేయండి. పాత మేడలు, ఇనుప సామాన్ల కొట్లు, మధ్యలో మన గుడి. పదిలోపు వస్తే సందు మొదట్లో మొహింగా దొరుకుతుంది. చేపల పులుసులో బియ్యపు సేమ్యా, అరటి దూట, పైన కరకరలాడే వడ ముక్కలు. సుభద్ర విశాఖలో ఎన్నోసార్లు చేసింది. ఈ రుచి రాలేదని ప్రతిసారీ విసుక్కునేది. నిజమే, రాలేదు. రెండో గిన్నె కూడా తిన్నాను.

తిరి నాన్నమ్మ, అంటే సుభద్ర పిన్ని, ఎనభై దాటిన మనిషి. ఈ ఊరు గానీ, సుభద్ర పుట్టిన ఈ ఇల్లు గానీ వదల్లేదు. మధ్యాహ్నం ఆవిడ దగ్గర భోంచేస్తూ విషయం చెప్పాను.

"పుట్టిన ఏల నాకు తెలీదు బాబూ. ఆ పొద్దు తిన్న కూడు గేపకం," అంది. "మా బావ, అదే సుబద్ర అయ్య, పోన్జీలకి గోంగూర రొయ్యలొండించేడు. మా యప్పకి నొప్పులొచ్చేయి. కేరేజీ చేత్తో పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడిపోయేడు, అడుగు పడితే ఒట్టు! పన్నెండు దాటిపోయింది. ఆలు పన్నెండు దాటితే ముట్టరు గదా! ఏటి సేస్తాం, మేవే తినేసేం. సేతులు కడుక్కుంతంటే మీ సుబద్ర కేరుమంది."

పోన్జీలంటే బౌద్ధ భిక్షువులు. తిరి ఎగిరి చప్పట్లు కొట్టింది. "అయితే దంతాల్లేని ఏనుగే!"

"దంతాల్లేవు గానీ నోరుండేది. ఉండేది కాదేటి బాబూ?"

"ఉండేది పిన్నిగారూ," అన్నాను.

నాలుగున్నరకు పగోడా వాయవ్య మూలకు చేరాం. పాలరాయి చల్లబడింది. అక్కడున్న ఒకావిడ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. వయసు కంటే ఒక కప్పు ఎక్కువ పోయాలని తిరి చెప్పింది. సుభద్ర వయసెంతో అన్ని కప్పులు పోశాను. తర్వాత ఇంకొకటి. ఏనుగు తల తడిసి ఎండకు మెరిసింది. చేతులు నొప్పెట్టాయి. చాలా రోజుల తర్వాత ఒక పని సరిగ్గా పూర్తి చేశాను.

ఈ ఊళ్ళో అందరూ బంగారు శిఖరం చూడమంటారు. చూశాను, గొప్పగా ఉంది. కానీ నాకు ఈ ఊరు దొరికింది ఒక గుమ్మంలో. ఒక మనిషి కేరేజీ పట్టుకుని నిలబడిపోయిన గుమ్మం అది. ఆమె మొదటి రోజు ఇప్పుడు నాకు తెలుసు. చివరి రోజు ఒక్కటే తెలిసినప్పటికంటే ఇది నయం.

మీరు వచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్ళను మీరు పుట్టిన వారం అడగండి. బుధవారమైతే వేళ కూడా అడగండి.

నా విమానం రేపు సాయంత్రం. రేపు పొద్దున్న పిన్నిగారు గోంగూర రొయ్యలు వండుతారు. పన్నెండు కాకముందే కేరేజీ పట్టుకుని ఆ గుమ్మం దాటి పోన్జీల మఠానికి వెళ్తాను.