కండక్టరు గారి మసక ఫొటోలు

ముప్పై రెండేళ్లు బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన కండక్టరు, రిటైరయ్యాక భార్యను ఫొటోలు తీయాలని కెమెరా కొనబోయాడు. దుకాణదారు లెన్సులనీ జూమనీ ఏకరువు పెడుతుంటే ఆయనకు అంతా అయోమయంగా తోచింది. చివరికి చేతికి నిండుగా ఉన్నదాన్ని తీసుకున్నాడు.

ఇంటికొచ్చి తీస్తే ప్రతి ఫొటోలోనూ భార్యకు రెండు ముక్కులు. కెమెరాలోనే లోపమనుకుని వెనక్కి పట్టుకెళ్లాడు. దుకాణదారు దాంతోనే ఒకటి తీశాడు. కండక్టరు మీసంలోని తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది.

"నా చేతిలోకి రాగానే దీనికేమవుతోందే?" అంటూ ఇంట్లో మళ్లీ కెమెరా ఎత్తాడు.

"ఏమండీ, మీరు ఊగుతున్నారు," అంది భార్య.

"నేనా? ఎప్పుడు?"

"ఎప్పుడూ ఊగుతూనే ఉంటారు. మీరు బస్సు దిగారు గానీ మీ కాళ్లు ఇంకా దిగలేదు."

ఆమె ఆయన భుజాన్ని గోడకు ఆనించి, మోచేతులు డొక్కలకు అదిమి, "ఊపిరి బిగబట్టి నొక్కండి," అని వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఈసారి ఒకటే ముక్కు వచ్చింది.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీకు తెలుసనుకున్నాను."

కండక్టరు కాసేపు ఫొటోను, కాసేపు తన పాదాలను చూస్తూ గోడను వదలకుండా నిలబడ్డాడు.