మూడుబాటల కాడి జరిమానా

మా కోడలు ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "గీమె ఎవరో చెప్పు అత్తమ్మా" అంది.

చూశాను. నా ఆకుపచ్చ చీర, నా వంగిన నడుము, చేతిలో విస్తరాకు. వనపర్తిలో మా వాడ చివర, మూడు బాటలు కలిసే చోట నిలబడి ఉన్నది నేనే.

ఆదివారం పొద్దుగూకే వేళ చేసిన పని అది. అంతకు ముందు మా మనవరాలిని పెళ్ళికి తీసుకుపోయి వచ్చాం. వచ్చినప్పటి నుంచి పిల్ల అన్నం ముట్టలేదు. దవాఖానలో చూపించాం, మందులు పోశాం. అయినా నా మనసు ఆగలేదు. ఎర్రన్నం, నిమ్మకాయ, గుడ్డు, ఎండు మిరపకాయలు విస్తరాకులో పెట్టి, పిల్ల చుట్టూ తిప్పి, తీసుకుపోయి మూడుబాటల కాడ పెట్టి వచ్చాను. మా అవ్వ అలాగే చేసేది, అమ్మ అలాగే చేసేది. పోయేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకూడదు. పెట్టాక వెనక్కి తిరిగి చూడకూడదు. నేల చూస్తూ పోయాను, నేల చూస్తూ వచ్చాను. కరెంటు స్తంభానికి మున్సిపాలిటీ వాళ్ళు కెమెరా బిగించారని తలెత్తి నడిచేవాళ్ళకు తెలుస్తుంది గానీ నాకెట్లా తెలుస్తుంది?

ఆ ఫొటోను వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టారట. అందరికీ బుద్ధి రావాలని. దాని వెనకే మున్సిపల్ జవాను వచ్చి నోటీసు ఇచ్చి పోయాడు.

నేను అక్షరాలు నేర్చింది ఈ మనవరాలు పుట్టిన తర్వాతే, మహిళా సంఘం వాళ్ళు సాయంత్రాలు పెట్టిన బడిలో. బస్సుల మీద ఊళ్ళ పేర్లు, దుకాణాల బోర్డులు చదువుకుంటూ తిరిగేదాన్ని. సర్కారు నా పేరు రాసి పంపిన కాగితాన్ని నేనే చదవడం మాత్రం అదే మొదలు. వేలు పెట్టుకుని చదివాను. నా పేరు ఉంది. మా ఇంటి నంబరు ఉంది. రోడ్డు మీద చెత్త వేసినందుకు ఐదు వందల జరిమానా అని ఉంది.

చెత్తా! పిల్ల ఒంటి మీద నుంచి తీసిన దిష్టిని పట్టుకుని చెత్త అంటారా?

"నేను కట్ట. పోయి అడుగుత" అన్నాను.

"కట్టేస్తే ఒడుస్తది గద. దిష్టి గిష్టి వద్దు అంటే ఇంటివా నువ్వు?" అంది కోడలు.

"తీసినంకనే గద పోరి తిన్నది?"

"మందులకు తిన్నది."

"నీ మందులు మూడు దినాలు ఏం చేసినయే?" అంటూ చెప్పులు వేసుకున్నాను.

మూడుబాటల దగ్గరికి వచ్చేసరికి నా విస్తరాకు ఇంకా అక్కడే ఉంది. ఊడ్చేవాళ్ళు రోడ్డంతా శుభ్రంగా ఊడ్చి, దాని చుట్టూ మాత్రం గుండ్రంగా వదిలేసి పోయారు. జరిమానా వేసినవాళ్ళకు కూడా దాన్ని ముట్టుకునే ధైర్యం లేదు.

మూలమీది ఇల్లు పెబ్బేరు సంతలో మేకలు అమ్మేవాళ్ళది. ఆ ఇంటావిడది ఇంచుమించు నా ఈడే. అక్కా అని పిలిచేది. మా మామిడికాయ తొక్కు వాళ్ళింటికి పోతే, వాళ్ళ జొన్నరొట్టెలు మా ఇంటికి వచ్చేవి. ఇంట్లో ఆమె కోడలు పచ్చి బాలింత. నన్ను చూసి ఆ ఇంటావిడ గడపలో నుంచి లేచింది.

"మల్ల వచ్చినవా? ఇంకేం ఏస్తందుకు వచ్చినవ్?"

"ఏంది చెల్లె, గట్లంటవు?"

"చెల్లె లేదు, గిల్లె లేదు. ఆదివారం సంది మా పిలగాడు పాలు తాగుతలేడు. ఏడ్సుడే ఏడ్సుడు. ఏమయిందా అని మేం పరేషాన్ అయితుంటే, ఫోన్ల నీ మొకం కనవడ్డది. మా ఇంటి ముంగటనే దొరికిందా నీకు జాగ?"

"మూడుబాటలు గీడనే ఉన్నయి గద. మా పోరికి దిష్టి..."

"దిష్టి తీసేటోళ్ళు గట్ల దొంగలోలె పోతరా? తల వంచుకొని, నోరు మూసుకొని! వాడంత చూసింది. గది దిష్టి గాదు, బాణామతి."

ఆ మాటకు దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు. ఒక్కరూ నవ్వలేదు.

ఆమె మాత్రం మనవడికి దిష్టి తీసి ఇక్కడ పెట్టి ఉండదా? తల వంచుకుని, నోరు మూసుకునే వచ్చి ఉంటుంది. కానీ ఆ పని చేసే మనిషి బయటి నుంచి ఎట్లా కనబడుతుందో మేము ఎన్నడూ చూసింది లేదు. ఫొటోలో ఆ చీర నాది కాకపోతే, ఆ ముసలిదాన్ని చూసి నేనూ భయపడేదాన్ని.

చిన్నప్పుడు మా ఊరిలో చేతబడి చేస్తుందని ఆ పేరు పడ్డ ఒకామెను చూశాను. మొగుడు పోయిన మనిషి. ఆమె బావి దగ్గరికి వస్తే అందరూ బిందెలు ఎత్తుకుని పోయేవాళ్ళు. చివరికి ఊరు విడిచిపెట్టింది. ఎక్కడికి పోయిందని కూడా ఎవరూ అడగలేదు. నాకూ మొగుడు లేడు. ఆ పేరు నాకు పడితే నాతోనే ఆగదు. మా కోడలికీ, రేపు బడికి పోయే పిల్లకూ అంటుకుంటుంది.

నేను మున్సిపాలిటీ ఆఫీసుకు నడిచాను. ఆమె కూడా నా వెంటే వచ్చింది.

ఇది చెత్త కాదు సార్ అని చెప్పాలని ఇంటి దగ్గర బయలుదేరాను. ఆ మాట నా కంటే ముందు ఆమె అంది.

"సార్, గది చెత్త గాదు. గీమె ఏసింది బాణామతి. చెత్తకు రాసి ఇడిసిపెడ్తరా? కేసు రాయుండ్రి."

ఆఫీసరు చిన్నవాడు. మా ఇద్దరి ముఖాలు మార్చి మార్చి చూశాడు. "నా తాన చెత్తకే రశీదు ఉన్నది తల్లీ, బాణామతికి లేదు" అన్నాడు. పుట్టిన సర్టిఫికెట్ కోసం వచ్చిన వాళ్ళెవరో కిసుక్కుమన్నారు. ఆయన నా వైపు తిరిగాడు. "పెద్దమ్మా, నువ్వు చెప్పు. ఏందది?"

దిష్టి అంటే, ఎవరి మీద పెట్టడానికి తీశావని ఆమె మళ్ళీ మొదలుపెడుతుంది. మంత్రంతో సంబంధం లేని మాట ఒక్కటే ఉంది, నేను కాదనడానికి వచ్చిన మాట.

"చెత్తనే సార్" అన్నాను. "మిగిలిన అన్నం. చెత్త బండి పోయిందని ఏసిన. తప్పయింది."

డబ్బు కట్టాను. రశీదు చేతికి వచ్చాక ఆమె నా ఎదురుగా నిలబడింది.

"చెత్తనే అయితే వచ్చి నీ చేత్తోని ఎత్తు. అందరు చూస్తుండంగ."

"మా వాళ్ళు ఎత్తుతరు తియ్యమ్మా" అన్నాడు ఆఫీసరు.

"ఎత్తేటోళ్ళయితే పొద్దుగాలనే ఎత్తకపోయిరా?"

ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

తీసిన దిష్టిని దాటకూడదంటారు. మా అమ్మ దాని దరిదాపుల్లోకి కూడా మమ్మల్ని పోనిచ్చేది కాదు. నేను మూడుబాటల కాడికి వచ్చి దాని ముందు కూర్చున్నాను. గడపల మీద వాడంతా నిలబడింది. కిటికీ వెనక బాలింత, చంకలో పసివాడు. అన్నం ఎండి ఆకుకు అంటుకుపోయింది, చీమలు పట్టాయి. చేయి చాపాను. మిరపకాయలు ఏరి, ఆకును మడిచి ఎత్తాను. గుడ్డు జారి దొర్లింది. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. పోయి దాన్నీ పట్టుకున్నాను. అన్నీ తీసుకుపోయి చెత్త డబ్బాలో వేశాను.

ఆమె నా ముఖం చూడటం లేదు. నా చేతులు చూస్తోంది.

"పో అక్కా. ఇంటికి పోయి తానం చెయ్" అంది, గొంతు తగ్గించి.

ఆ తర్వాత బాణామతి అన్న మాట వాడలో మళ్ళీ నా చెవిన పడలేదు. ఆ రోజు మాత్రం ఇంటి దాకా చేతులను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడిచాను. గడపలో నుంచి మనవరాలు "అవ్వా" అంటూ ఉరికి వచ్చింది.

"రాకు! నన్ను ముట్టుకోకు!" అని కేక వేశాను.

అంత గొంతుతో దాన్ని నేనెప్పుడూ అదిలించలేదు. పిల్ల బిత్తరపోయి నిలబడింది. దిష్టిని నమ్మని మా కోడలు దాని రెక్క పట్టి గుంజి తన వెనక్కి లాక్కుంది. బకెట్ తెచ్చి, నాకు తగలకుండా ఎడంగా నిలబడి, నా చేతుల మీద నీళ్ళు పోసింది.